పనిచేస్తుందో లేదో తెలియని సభ

సభకి ఇరవై రోజులు

ఈ పుస్తకంలో పదహారేళ్లుగా ఒకే ముక్క రాస్తూ వచ్చాను. "ముసుగు సభ జయప్రదం. చప్పట్లు బాగున్నాయి. పకోడీలు చాలలేదు." సభ చెప్పేవాడు ప్రతి సభ తర్వాతా పుస్తకం రాయాలని మా అడుగూరు పంచాయతీ నియమం. ఏం రాయాలో నియమంలో లేదు. కాబట్టి ఆ మూడు వాక్యాలతోనే ముప్పై ఒక్క సభలు లాగించేశాను. వాటిలో మూడోది ఒక్కటే నిజం.

నా పేరు వాసుపల్లి దానయ్య. వయసు యాభై మూడు. మా వర్క్‌షాపు వాళ్లు కొత్తగా ఏ పరికరం చేసినా దాని మీద ఎర్రగుడ్డ కప్పి, జనం ముందు నిలబడి, దాని గొప్పంతా చెప్పి, చివర్లో గుడ్డ లాగేది నేనే. నాది మంచి గొంతు. నాకు నేనే చెప్పుకోవడం కాదు, ఊళ్లో అందరూ అనేవారు. ఈమధ్య ఎవరూ అనడం లేదు.

పోయిన సభకి నలభై ఒక్క మంది వచ్చారు. ఆరువందల కుర్చీల హాలు. ఆ రోజు ముసుగు తీసింది ఒక దీపానికి. చెబితే వెలుగుతుంది, చెబితే ఆరుతుంది, చెప్పకపోయినా మన కళ్లు చూసి తనే ఆరుతుంది. అలాంటి దీపానికి గుడ్డ తీయడం నాకది నాలుగోసారి. గుడ్డ లాగగానే గోడల్లోంచి చప్పట్లు మోగాయి. జనం కొట్టడం మానేశాక అయిదేళ్ల కిందట పంచాయతీ వాళ్లు గోడల్లో పెట్టించిన చప్పట్లు అవి. అవి ఆగాక ముందు వరసలో ఒక ముసలాయన "పకోడీ ఇంకా వేగలేదా అమ్మా" అని వంటావిణ్ణి అడిగాడు. నేనింకా వేదిక మీదే ఉన్నాను.

ఇవాళ మూడు వాక్యాలతో సరిపెట్టకుండా ఇంత రాయడానికి కారణం హైమవతి. హైమవతి మా వర్క్‌షాపు పెద్ద. ముప్పై ఆరేళ్ల మనిషి, నవ్వితే చేతిలో పని ఎక్కడ పాడవుతుందో అన్నట్టుంటుంది. పొద్దున్నే వచ్చి నా బల్ల మీద రెండు రబ్బరు చుట్టలు పెట్టింది.

"వంచి చూడండి," అంది.

ఒకటి మెత్తగా వంగింది. రెండోది వంచబోతే నా చేతుల్లోనే పగుళ్లు విచ్చుకుంది, ఎండాకాలం మడమలా.

"ఇదెక్కడిది?"

"కింది వరసలో ఒక ఇంటి తలుపుది. మీ చెల్లెలుగారిల్లే. పరీక్షకి తీసి, ప్రస్తుతానికి అలాంటి పాతదే ఇంకోటి పెట్టొచ్చాం."

ఒడ్డు మునిగిపోయాక మా తాతలు కట్టుకున్న ఊరిది. ఇళ్లన్నీ నీళ్లలో యాభై గజాల కింద, గొట్టాల్లాంటి వీధుల వెంట తగిలించి ఉంటాయి. వీధి ఎక్కడైనా చీలి నీరొస్తే ఎవరింటి తలుపు వాళ్లు బిగించుకుని, వర్క్‌షాపు వాళ్లు తోడిపోసేదాకా లోపల కూర్చోవాలి. అప్పుడు మనకీ సముద్రానికీ మధ్య ఉండేది తలుపంచు చుట్టూ ఉన్న ఆ రబ్బరే.

"తుపాన్ల కాలానికి ముప్పై అయిదు రోజులుంది," అంది హైమవతి. "ఈ ఏడు నీటి ఊపు ఎక్కువ. కింది వరస వీధి తట్టుకుంటుందని నేను చెప్పలేను. మేం ముగ్గురం కలిసి రోజుకి మూడు తలుపులు మార్చగలం. ఊళ్లో రెండు వందల పన్నెండు గడపలు. అందుకని ఎవరిది వాళ్లే మార్చుకోవాలి. కష్టమేం లేదు. చెబితే చాలు. అందరూ వినాలి, అంతే."

అందరూ అట. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వకపోయేసరికి నేనూ మానేశాను.

సభకి పదిహేడు రోజులు

మా పంచాయతీ ప్రెసిడెంటు సన్యాసిరావుకి కొత్త రబ్బరు చూడగానే పేరు తట్టేసింది. సాగర కవచం. పాట ఉండాలట, రంగు దీపాలుండాలట, పైనుంచి పొగ రావాలట.

"పాతది సెడిపోనాదని మాత్రం అనీకు దానియ్యా," అన్నాడు. "జనం బెదిరిపోతారు. కొత్తది అద్బుతం అని సెప్పు. నీ నోటికి అలవాటే కదా."

గంగిరెద్దులా తలూపి వచ్చేశాను. సభ చెప్పే పనిలో ముందు పట్టుబడే విద్య అదే.

మధ్యాహ్నం కింది వరసలో మా చెల్లెలు పోలమ్మ ఇంటికి వెళ్లాను. కొడుకూ కోడలూ నాచుతోటలో పనికెళ్లారు. ఏడాది మనవరాలు తలుపు దగ్గర కూర్చుని గడప కొరుకుతోంది. కొత్త రబ్బరు చూపించి, ఈ వారంలో మార్చుకోమని చెప్పాను. పోలమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలి అలమారా దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది సూడు," అంది. "ఊపిరి దిండు. ఇది మీ నిద్రనే కాదు, మీ జీవితాన్నే మార్చేస్తుంది అన్నావు. నా మెడ పట్టీసింది. ఇది సూడు, చేప ముల్లు ఏరే చెంచా. చరిత్రలో తొలిసారి అన్నావు. ముల్లు వదిలీసి చేపని ఏరింది. ఇది మాటాడే గిన్ని. ఇది మాటాడని గిన్ని, దానికన్నా గొప్పదన్నావు." పదకొండు వస్తువులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ నేను సభలో అన్న మాట పొల్లు పోకుండా ఒప్పజెప్పింది. నాకు గుర్తులేనివి కూడా దానికి గుర్తున్నాయి.

"ఇది వేరు పోలీ. ఇది నిజంగా అవసరం."

"ప్రతీదీ నిజంగానే అన్నావు కదేటి అన్నియ్యా."

"మీ రబ్బరు పగిలిపోయింది. నా కళ్లతో చూశాను."

"ముందు వస్తువు సెడిపోనాదంటావు, మరి కొత్తది కొనమంటావు. నాకు తెలవదా నీ కత." రబ్బరు తీసుకెళ్లి మేకుకి తగిలించింది. "అలగుండనీ. తీరికైనప్పుడు సూస్తాను. కూకో, పులుసన్నం తిని ఎల్లు."

పులుసు బాగుంది. పిల్ల ఇంకా ఆ తలుపు దగ్గరే ఆడుకుంటోంది.

సభకి పదమూడు రోజులు

మూడు రోజులుగా ఇల్లిల్లూ తిరిగాను. నా గొంతు వినగానే సగం మంది లోపల్నుంచే "ఏమీ వద్దు" అన్నారు. మిగతా సగం మంది రబ్బరు తీసుకున్నారు, ఇచ్చాను కాబట్టి. రెండో వరసలో ఒకావిడ దాన్ని కుండ కింద కుదురుగా పెట్టుకుంది. ఇంకో ఇంట్లో పిల్లలు వీధిలో దొర్లిస్తున్నారు. నిజంగా తలుపుకి పెట్టుకున్నది పంచాయతీ సభ్యులు పదకొండు మందే. అది కూడా ప్రెసిడెంటు తనిఖీకి వస్తానన్నాడని.

ఇవాళ పుస్తకంలో ఒక నిజం రాస్తాను. జనం మారిపోయారని, ఏం చూపించినా వాళ్ల కంటికి ఆనదని నేను అయిదారేళ్లుగా అందరి దగ్గరా వాపోతున్నాను. అన్నీ అమరిపోయినవాళ్లకి ఏం చూపించి మెప్పిస్తాం అంటూ పెద్దమనిషిలా మాట్లాడాను. పోలమ్మ అలమారా చూశాక ఆ మాట నాకే రుచించడం లేదు. మెచ్చుకోవడం దానికి చేతకాకపోతే పదకొండుసార్లు వరసలో నిలబడి ఎందుకు తెచ్చుకుంటుంది? పదకొండుసార్లు నన్ను నమ్మింది. పన్నెండోసారి, నిజంగా నమ్మాల్సినప్పుడు, దాని దగ్గర నమ్మకం అయిపోయింది.

సభకి పదకొండు రోజులు

అప్పలకొండ వంటశాలకి వెళ్లాను. ఊరందరి వంటశాల ఆవిడ చేతిలోనే ఉంది. అరవై నాలుగేళ్ల మనిషి. నా ముప్పై ఒక్క సభలూ ముందు వరసలో కూర్చుని చూసింది, పకోడీ పళ్లేలు మళ్లీ లెక్కగా తెచ్చుకోవాలని.

"అక్కా, నిజం చెప్పు. నా సభలు ఎందుకు చప్పబడిపోయాయి?"

ఆవిడ పెద్ద కుక్కరు మూత తీసి, దాని రబ్బరు కడుగుతోంది. తల తిప్పలేదు.

"నీ సభలో ఏటీ అవదురా."

"ఏమీ అవకపోవడమేంటి? అన్నీ సజావుగా అవుతాయి. పదహారేళ్లలో ఒక్క పరికరం వేదిక మీద మొరాయించలేదు."

"అదే సెప్తున్నాను. శంభయ్య సభలో ఏటవుద్దో ఆడికే తెలిసీది కాదు. మాకూ తెలిసీది కాదు. ఊపిరి బిగబట్టుకుని కూకునేవోళ్లం."

శంభయ్య నాకు ముందు సభ చెప్పినవాడు. గొంతు కీచుగా ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మంచినీటి యంత్రానికి ముసుగు తీసింది ఆయనే. అప్పటిదాకా పైనుంచి పడవల్లో దింపిన నీళ్లే ఊరందరికీ. ఆ రోజు యంత్రం ఒకసారి నొక్కితే గురక పెట్టింది, రెండోసారి నొక్కితే బురద కక్కింది. శంభయ్య చొక్కా విప్పి, వర్క్‌షాపు వాళ్లతో కలిసి వేదిక మీదే దాన్ని విప్పాడు. జనంలోంచి ఒక పడవ మెకానిక్కు లేచి వెళ్లి ఏదో పైపు మార్చాడు. గంటన్నర పట్టింది, ఒక్కరూ కదల్లేదు. మూడోసారి ఒక గ్లాసుడు తేట నీళ్లు వచ్చాయి. ఆ గ్లాసు ఆరువందల మంది చేతులు మారింది. నా దగ్గరికి వచ్చేసరికి అడుగున తడి మాత్రం ఉంది. నాలుక ఆనించాను. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ దాని గురించి తప్ప మాట్లాడలేదు.

శంభయ్య పద్నాలుగు సభల్లో అయిదు చెడిపోయాయి. నేను పని చేపట్టిన రోజున ఇక ఒక్కటీ చెడిపోనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఏం చేశానో కూడా రాసేస్తాను. నాలుగు సభల్లో గుడ్డ కింద ఉన్నది పనిచేసే పరికరం కాదు. పనిచేస్తున్నట్టు ముందే పట్టిన బొమ్మని తెర మీద ఆడించాను. ఊపిరి దిండు అలాంటిదే. అప్పటికది ఒక్కరి తలకింద కూడా పరీక్ష చూడలేదు. మా పోలి మెడ మీదే దాని మొదటి పరీక్ష జరిగింది.

సిగ్గుగా ఉంది.

సభకి తొమ్మిది రోజులు

"ఈసారి నేను లోపల ఉంటాను," అని హైమవతితో చెప్పాను.

మా హాలు వేదిక వెనక ఒక గాజు తొట్టి ఉంది, నిలువెత్తుకి రెండింతలు. ఒకప్పుడు ఈత బొమ్మలు చూపించడానికి కట్టారు. అందులో ఇంటి తలుపుతో సహా ఒక చిన్న గది పెట్టమన్నాను. జనం చూస్తుండగా నేనే ఆ తలుపుకి కొత్త రబ్బరు తొడిగి, లోపల బిగించుకుని కూర్చుంటాను. బయట తొట్టి నింపి, పంపుతో ఒత్తిడి పెంచాలి. రబ్బరు ఆపితే ఆపింది.

"గదిలోంచి నీరు వదిలే తూము నా చేతిలో ఉంచుకుంటాను," అంది. "దానికి ఒప్పుకుంటేనే. ఇంకోటి, ఈ వారంలో రోజూ వచ్చి తొడగడం నేర్చుకోండి."

"వద్దు. ఒక్కసారి కూడా నేర్చుకోను. నువ్వు ఇళ్లకి పంచే కాగితం ఉంది కదా, బొమ్మ వేసింది. నాకూ అదే ఇవ్వు. మా పోలి ముందే వచ్చి నీ దగ్గర నేర్చుకుంటుందా? దాని చేతులకి ఎలా వస్తుందో నా చేతులకీ అలాగే రావాలి."

హైమవతి నా చేతుల వంక చూసింది. "మీకు పనిముట్లు పట్టడం రాదు కదా దానయ్యగారూ."

"రాదు. అందుకే."

సభకి ఆరు రోజులు

వీధుల్లో నేనే కాగితాలు అంటించాను. "ఈసారి పరికరం పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. నేను నీళ్ల మధ్య గదిలో ఉంటాను. ఇంతకుముందు నాలుగు సభల్లో మీకు చూపించింది నిజం కాదు. దిండు అందులో ఒకటి. క్షమించండి. వాసుపల్లి దానయ్య."

పదహారేళ్లలో నా మాట ఇంత వేగంగా ఊరు చుట్టలేదు. దానయ్య మునుగుతాడట అని వీధి చివర ఒకడంటుంటే, మునిగితే పకోడీ ఉంటుందా ఉండదా అని ఇంకొకడు అడిగాడు. దిండు కొన్న ముగ్గురు నాలుగు మాటలు తిట్టి మరీ వెళ్లారు. పడ్డాను. సన్యాసిరావు మనిషిని పంపించి కాగితాలు పీకించాడు. అప్పటికే అందరూ చదివేశారు, చదవనివాళ్లకి చదివినవాళ్లు ఇంకాస్త కలిపి చెప్పేశారు.

సాయంత్రం పోలమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"దిండు సంగతి రాసీసినావట."

"ఊఁ."

"నాతో సెప్పడానికి ఆరేళ్లు పట్టిందేటి?" అంది. "నీ సావు నువ్వు సస్తానంటే సూడ్డానికి నానెందుకొస్తాను. నాను రాను," అని వెళ్లిపోయింది.

సభ రోజు

కుర్చీలు చాల్లేదు. గోడ చప్పట్ల తీగ నేనే పీకేశాను. పాట లేదు, పొగ లేదు. ఎర్రగుడ్డ కప్పడానికి కూడా ఏమీ లేదు. రబ్బరు నా భుజానికి వేలాడుతోంది. సన్యాసిరావు మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, తర్వాత నా పని చెబుతానన్నట్టు.

పాత రబ్బరు జనం ముందు వంచాను. అది విరిగిన చప్పుడు వెనక వరస దాకా వినిపించింది. "ఇది మీ ఇంటి తలుపుది," అన్నాను. ముప్పై ఒక్క సభల మాటలున్నాయి నా దగ్గర, అందులో ఒక్కటీ ఇక్కడికి పనికిరాలేదు.

తొట్టి ఖాళీగా ఉండగా గదిలోకి వెళ్లి, తలుపు తెరిచి పెట్టి, అందరికీ కనబడేలా రబ్బరు తొడిగాను. కాగితం చూశాను. రబ్బరుకి ఒక పక్క నునుపుగా మెరుస్తుంది, ఇంకో పక్క చుట్టూరా లోతైన గాడి ఉంటుంది. బొమ్మలో రెండూ నాకు ఒకేలా కనిపించాయి. మెరిసే పక్క బయటికి, జనం వైపు పెట్టాను. ఆ పని నా మనసు చెయ్యలేదు, చేతులు చేశాయి. అంగుళం అంగుళానికీ నొక్కి, తలుపు వేసి, పిడి తిప్పి బిగించి, బల్ల మీద కూర్చున్నాను.

నీరు పైకి వచ్చింది. తలుపులో ఉన్న అద్దం బిళ్లలోంచి జనం పచ్చగా, వంకరగా కనిపిస్తున్నారు. పంపు చప్పుడు పెరిగింది. మొదట ఏమీ కాలేదు. నవ్వి చెయ్యి ఊపాను. అప్పుడు తలుపు కింది మూల నుంచి సన్నటి ధార వచ్చి నా మోకాలికి తగిలింది. పక్కన ఇంకోటి. చూస్తుండగా తలుపు చుట్టూ ధారలే. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ముఖానికి అలవాటైన పని కాబట్టి అది చేస్తూ పోయింది. నీరు నడుముకి వచ్చేసరికి నవ్వు పోయింది. భయమేసింది. దాచుకోలేదు. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

అద్దంలోంచి ఒక ముఖం కనిపించింది. పోలమ్మ. రానన్న మనిషి. తొట్టి గాజు మీద అదీ రెండు చేతులతో బాదుతోంది.

హైమవతి తూము తెరిచింది. గదిలో నీరు దిగింది, తొట్టి ఖాళీ అయింది. తలుపు తీసుకుని, బట్టలు ఒంటికి అంటుకుపోయి, దగ్గుతూ నిలబడ్డాను. ఆరువందల మంది లేచి నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. హైమవతి ముఖం పాలిపోయింది. "వర్క్‌షాపులో ఇరవైసార్లు పెట్టి చూశాం," అంటోంది ఎవరితోనో. "ఇరవైసార్లూ ఆగింది."

అప్పుడు ముందు వరసలోంచి అప్పలకొండ పకోడీ పళ్లెం పక్కన పెట్టి లేచింది. మోకాళ్లు పట్టుకుని వేదిక మెట్లెక్కి, తలుపు రబ్బరు మీద వేలు పెట్టి చూసింది.

"ఒరే దానియ్యా, తిరగేసి పెట్టీసినావురా."

"కాగితంలో ఉన్నట్టే పెట్టానక్కా."

"కాగితం సంగతి నాకు తెలవదు. కుక్కరు రబ్బరు ఎప్పుడైనా కడిగినావా నువ్వు? గాడి ఉన్నాదే, అది ఆవిరి కాసి, ఆవిరి వేపు, తిరిగి ఉండాల. ఆవిరి అందులో దూరి, రెండు పెదాల్నీ ఇటూ అటూ నెట్టి, మూతకి అతికించీసుద్ది. ఎంత ఒత్తితే అంత అతుక్కుంటాది. ఇక్కడ ఒత్తీది నీరు. గాడి నీటి కాసి ఉండాల. నువ్వు మెరిసీది నీటికి పెట్టి, గాడి నీ కాసి పెట్టుకున్నావు."

హైమవతి రబ్బరు చూసింది, కాగితం చూసింది. "మాకు ఇది చెప్పాల్సిన విషయమనే తట్టలేదు," అంది చిన్నగా. పాత రబ్బరుకి రెండు పక్కలూ ఒకటే. ఎటు పెట్టినా ఆగేది. కొత్తదాన్ని చేసినవాళ్లకి గాడి ఎందుకో తెలుసు కాబట్టి వాళ్ల చేతులు ఇరవైసార్లూ సరిగ్గానే పెట్టాయి.

నేను జనం వైపు తిరిగాను. "మీలో ఎంతమంది మెరిసే పక్క వీధి వైపు పెట్టేవాళ్లు?" అని అడిగాను.

మా ఊళ్లో తలుపు వీధి వైపు పక్కని రోజూ తుడిచి పసుపు రాస్తారు, ముగ్గు గీస్తారు. నలుగురూ చూసే పక్క అందంగా ఉండాలి. లోపలి పక్క ఎలా ఉన్నా అడిగేవాళ్లు లేరు. నీరు వచ్చేదీ వీధి వైపు నుంచే. మొదట ఒక చెయ్యి లేచింది, తర్వాత పది, తర్వాత హాలంతా. ప్రెసిడెంటు సన్యాసిరావు చెయ్యి ఎత్తలేదు. లేచి బయటికి నడిచాడు, నడక కాస్త జోరుగానే ఉంది. ఆయన ఇంటికి రబ్బరు రెండు వారాల కిందటే పెట్టారు.

అప్పలకొండే రబ్బరు తిప్పి తొడిగి, తలుపంచూ నా చేతులూ కొంగుతో పొడిగా తుడిచింది. "ఇప్పుడు కూకో ఎల్లి," అంది.

మళ్లీ వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఈ మాట రాయకపోతే ఈ పుస్తకం మళ్లీ పాత పుస్తకమే అవుతుంది. పోలమ్మ మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. వెళ్లాను. నీరు నిండింది, పంపు మోగింది. వేలితో తలుపు అంచు చుట్టూ తడిమాను, పైనుంచి కింది దాకా. మళ్లీ తడిమాను. పొడిగా ఉన్న వేలు ఎత్తి అద్దం బిళ్లలోంచి చూపించాను.

చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరూ లేరు. తొట్టి ఖాళీ అయ్యాక అందరూ వేదిక మీదికి వచ్చారు. రబ్బరు లాగి చూసేవాళ్లు, గాడిలో వేలు పెట్టేవాళ్లు, నాకొకసారి తొడగనియ్యి అనేవాళ్లు. వర్క్‌షాపు వాళ్లని ప్రశ్నలతో చంపేశారు. పళ్లేల్లో పకోడీలు చల్లారిపోయాయి.

సభ మర్నాడు

పంచాయతీ సభ్యుల ఇళ్లు పదకొండూ చూసొచ్చాం. తొమ్మిదింట్లో మెరిసే పక్క వీధి వైపే ఉంది. మిగిలిన రెండూ సరిగ్గా ఎందుకున్నాయని అడిగితే, ఏదో అలా పెట్టేశామన్నారు. సభ ఎప్పటిలా సజావుగా జరిగి ఉంటే ఊరంతా నా మాట నమ్మి తలుపులన్నిటికీ అలాగే తిరగేసి పెట్టుకునేదని హైమవతి అంది.

కింది వరసకి వెళ్లాను. పోలమ్మ ఇంట్లో మేకు ఖాళీగా ఉంది. వీధి వైపు తలుపు చుట్టూ గాడి కనిపిస్తోంది, వెడల్పుగా, అందవిహీనంగా. దాని చుట్టూ తెల్లగా ముగ్గు వేసి ఉంది.

సభ తర్వాత పందొమ్మిదో రోజు

ఇది పోలమ్మ ఇంట్లో రాయడం మొదలుపెట్టి, మా ఇంటికొచ్చాక ముగిస్తున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి ఊపు మొదలైంది. ఉట్లు, గిన్నెలు అన్నీ ఒకవైపుకి జరిగాయి. తొమ్మిదిన్నరకి గంట మోగింది, కింది వరస వీధి చీలిందని. అప్పటికే అందరూ తలుపులు బిగించుకున్నారు. నేను ఇక్కడే చిక్కుకుపోయాను. అబద్ధం ఎందుకు, చిక్కుకోవాలనే వచ్చాను.

నీరు వీధిలో నిండడం వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు, అదే ఎక్కువ భయం. తలుపులోని అద్దం బిళ్ల ఆకుపచ్చగా మారింది. మేనల్లుడు, కోడలు తలుపు ఎదురుగా కూర్చున్నారు, పిల్ల కోడలి ఒడిలో ఉంది. పోలమ్మ లేచి వెళ్లి తలుపు అంచు చుట్టూ వేలితో తడిమింది, పైనుంచి కింది దాకా. వేలు చూసుకుంది. కోడలికి చూపించింది. కోడలు లేచి తనూ తడిమి చూసుకుంది, తర్వాత మేనల్లుడు. చివరికి పిల్ల వేలు పట్టుకుని కూడా తడిమించారు. పిల్ల ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

నాకు శంభయ్య గ్లాసు గుర్తొచ్చింది. అప్పుడు నాలుకకి తడి తగిలితే ఊరంతా పొంగిపోయింది. ఇప్పుడు వేలికి తడి తగలకపోతే నా కళ్లు నిండాయి. పోలమ్మ చూసింది గాని చూడనట్టు ఉండిపోయింది.

నాలుగు గంటలకి వర్క్‌షాపు వాళ్లు వీధి అతికి, నీరు తోడి, తలుపు తట్టారు. కింది వరస అరవై నాలుగు గడపల్లో ఒక్క ఇంట్లోకీ నీరు రాలేదని హైమవతి చెప్పింది. చెప్పి నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

బయల్దేరబోతుంటే పోలమ్మ అలమారాలో వస్తువులన్నీ గోనెసంచిలోకి తోస్తూ అడిగింది.

"మళ్లీ సభ ఎప్పుడన్నియ్యా?"

"ఆర్నెల్లకి పెట్టాలి. చూపించడానికి ఏమీ లేదు."

"లేకపోతే పెట్టీకు." ఊపిరి దిండు సంచిలో వేసి మూతి బిగించింది. "ఉన్నప్పుడు కబురెట్టు. ముందే వచ్చి కూకుంటాను."